పురిటికి పుట్టింటికి పోయే చేప

హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి మలుగును ప్రత్యేకంగా పరిచయం చెయ్యనక్కర్లేదు. కాలువ కట్టేసినప్పుడు అడుగున మిగిలిన మడుగుల్లోనో, చెరువు ఎండగట్టి చేపలు పడుతున్నప్పుడు గట్టు బొరియలోనో, చేతి మందాన, బారెడు పొడుగున జర్రున జారిపోతూ కనిపిస్తుంది. తెలియనివాళ్ళు పామని కర్ర ఎత్తుతారు. తెలిసినవాళ్ళు పిడికెడు బూడిద చల్లి పట్టు చిక్కించుకొని పులుసుకి పంపిస్తారు. అయితే కర్ర ఎత్తినవాడికీ, పులుసు తిన్నవాడికీ కూడా తెలియని సంగతి ఒకటి వుంది. ఆ మలుగు మన కాలువలో పుట్టలేదు. మన చెరువులోనూ పుట్టలేదు. కృష్ణలో కూడా పుట్టలేదు. ఉష్ణమండలపు నడిసముద్రంలో పుట్టి, పెరగడానికి మాత్రం మన ఊరు వచ్చింది. ఒకనాడు మళ్ళీ సముద్రానికి పోయి, అక్కడ గుడ్లు పెట్టి, అక్కడే చచ్చిపోతుంది. మన ఆడపడుచులు పురిటికి పుట్టింటికి పోతే పిల్లనెత్తుకొని తిరిగొస్తారు. మలుగుకు పోవడమే గాని రావడం లేదు. పిల్లలు మాత్రం తల్లి ముఖం ఎరగకుండా, వాటంతట అవే దారి వెతుక్కుంటూ వస్తాయి.

గోదావరి జిల్లాలవాళ్ళు గొప్పగా చెప్పుకొనే పులసది సరిగ్గా దీనికి తల్లకిందుల వ్యవహారం. అది సముద్రంలో పెరిగి, వరద నీటికి ఎదురీది, నదిలో గుడ్లు పెట్టడానికి వస్తుంది. పులస కథ పుస్తె లమ్మయినా తినాలనే మాటతో పాటు నలుగురికీ తెలిసింది. మలుగు కథ చెప్పేవాళ్ళు లేకపోయారు. జంతుశాస్త్రం పాఠ్యపుస్తకంలో కూడా 'కెటాడ్రమస్' అనే ఒక్క మాటతో దాని ముచ్చట అయిపోతుంది.

ముందు అది పాము కాదన్న సంగతి తేల్చుకుందాం. మలుగుకు మొప్పలున్నాయి. తల వెనక రెండు పక్కలా చిన్న విసనకర్రల్లాంటి ఈత రెక్కలున్నాయి. వీపు మీద మొదలైన పొడుగాటి రెక్క తోక చుట్టూ తిరిగి పొట్ట కింద దాకా ఒకే అంచులా వస్తుంది. పొలుసులు లేవనుకుంటాం గాని, వున్నాయి. చర్మంలో పూడుకుపోయి, జిగురు కప్పుకొని కంటికి కనబడవు. విషపు కోరలు లేవు. పచ్చి నెత్తురులో మాత్రం విషపదార్థం వుంది, అది ఉడికిస్తే పోతుంది. అందుకే మలుగును పచ్చిగా తినే అలవాటు చేపను పచ్చిగా తినే జపాను వాళ్ళకి సైతం లేదు.

ఇక అసలు మలుగుకూ, మలుగులా వుండే చేపలకూ తేడా చెప్పాలి. మన అంగళ్ళలో మంచి ధర పలికే బొమ్మిడాయి మలుగు జాతిది కాదు. దాని వీపు మీద ముళ్ళ వరస వుంటుంది, మూతి సూదిగా వుంటుంది, పుట్టుకా చావూ మంచినీటిలోనే. వరి చేల బురదలో దూరి వుండే మరో పాములాంటి చేపకు పక్క రెక్కలే వుండవు. గొంతు కింద ఒకటే మొప్ప రంధ్రం. అదీ మలుగు కాదు. దక్షిణ అమెరికాలో కరెంటు షాకు కొట్టే 'ఎలక్ట్రిక్ ఈల్' పేరులో ఈల్ వున్నా బంధుత్వం మాత్రం వేరే చేపలతో. సముద్రంలో వుండే మోరే, కాంగర్ జాతులు నిజమైన మలుగులే. రాళ్ళ సందుల్లో పొంచి వుండే మోరేకి గొంతులో రెండో దవడ వుందనీ, నోటితో పట్టిన ఎరను ఆ లోపలి దవడ ముందుకొచ్చి లాక్కుపోతుందనీ 2007లో అమెరికన్ శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. అవి పుట్టినచోటు వదిలి మన కాలువలకు రావు. వచ్చేది 'ఆంగ్విల్లా' కుటుంబం ఒక్కటే.

ఆ కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద పదహారు జాతుల వరకు వున్నాయి. మన వైపు దొరికేవి ముఖ్యంగా రెండు. ఒకటి ఆంగ్విల్లా బెంగాలెన్సిస్. 1831లో గ్రే అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దానికి ఆ పేరు పెట్టాడు. ఒంటి మీద గోధుమరంగు మచ్చలుంటాయి, మీటరున్నర పైన కూడా పెరుగుతుంది. రెండోది ఆంగ్విల్లా బైకలర్. 1844లో మెక్లెల్లండ్ వర్ణించాడు. మచ్చలుండవు, పైన ముదురు రంగు, కింద లేత రంగు. వీపు రెక్క ఎక్కడ మొదలవుతుందో చూస్తే చీకట్లో కూడా రెంటినీ వేరు చెయ్యొచ్చు. బైకలర్‌కి అది మలద్వారానికి దాదాపు పైనే మొదలవుతుంది. బెంగాలెన్సిస్‌కి అక్కణ్ణించి బాగా ముందుకు, తల వైపు జరిగి వుంటుంది.

మలుగు పుట్టుక రహస్యం మనిషిని పీడించినంతగా మరే చేప పుట్టుకా పీడించలేదంటే అతిశయోక్తి కాదు. ఏ మలుగును కోసి చూసినా లోపల గుడ్లుండవు, వీర్యముండదు. అరిస్టాటిల్ అంతటివాడు విసుగెత్తి, ఇది బురదలోంచి దానంతటదే పుడుతుందని రాసేశాడు. మన ఊళ్ళల్లో తొలకరికి చేపలు ఆకాశం నుంచి పడతాయనే పెద్దలు ఇప్పటికీ వున్నారు కనుక ఆయన్ని చూసి మనం నవ్వకూడదు. 1876లో వియన్నా విశ్వవిద్యాలయం తన విద్యార్థి ఒకణ్ణి ట్రియెస్ట్ రేవుకు పంపి, మగ మలుగు వృషణాలు కనిపెట్టి రమ్మంది. ఇరవై ఏళ్ళ ఆ కుర్రవాడు సుమారు నాలుగు వందల మలుగులను కోసి కూడా సంగతి ఖాయంగా తేల్చలేకపోయాడు. అతడే తరువాత మనస్తత్వ శాస్త్రంలో పేరు మోసిన సిగ్మండ్ ఫ్రాయిడ్. ప్రాక్టికల్ పరీక్షలో కప్ప నరం దొరక్క చెమటలు పట్టే మా బ్యాచి మిత్రులకు ఇది కొంత ఊరటనిస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

గుడ్లు కనబడకపోవడానికి కారణం తేలిక. మన నీళ్ళలో వున్నంతకాలం మలుగు యుక్తవయస్సుకే రాదు. పెరుగుతుంది, బలుస్తుంది, అంతే. సముద్రానికి బయల్దేరే ముందు దాని శరీరం మారడం మొదలవుతుంది. అండాలు పక్వానికి రావడం ఆ ప్రయాణంలోనే.

పిల్లల సంగతి మరీ చిత్రం. సముద్రంలో వేపాకంత, మావిడాకంత వుండే పారదర్శకమైన చేప ఒకటి వలలకు దొరుకుతూ వుండేది. పుస్తకం మీద పెడితే కింది అక్షరాలు చదువుకోవచ్చు. దాన్ని వేరే జాతి అనుకొని 1856లో కౌప్ అనే జర్మన్ 'లెప్టోకెఫలస్' అన్న పేరు ఖాయం చేశాడు. నలభై ఏళ్ళ తరువాత 1896లో గ్రాసీ, కలాండ్రుచియో అనే ఇటాలియన్లు ఆ ఆకు చేప మలుగుగా మారడం గమనించి, ఇది వేరే చేప కాదు, మలుగు పసితనం అని చాటారు. గొంగళి పురుగు సీతాకోకచిలుకైనట్టన్నమాట. తరువాత డెన్మార్కు దేశీయుడు యోహన్నెస్ ష్మిట్ ఓడ వేసుకొని 1904 నుంచి అట్లాంటిక్ గాలించాడు. ఆయన పద్ధతి రైతుకు కూడా అర్థమయ్యేదే. ఆకు పిల్ల ఎక్కడ పెద్దది దొరికితే అక్కడ పుట్టినచోటు దూరం. ఎక్కడ చిన్నది దొరికితే అక్కడ దగ్గర. అలా చిన్నదాని వెంట పోతూ పోతూ, యూరపు మలుగు పుట్టిల్లు సర్గాసో సముద్రమని 1922 నాటికి తేల్చాడు. జపాను మలుగు పుట్టిల్లు మరియానా దీవులకు పశ్చిమాన వుందని త్సుకమోటో బృందం 1991లో కనుక్కొంది; 2009లో ఆ సముద్రంలోంచి గుడ్లనే పైకి తీశారు.

మరి మన మలుగు సంగతేమిటి? ష్మిట్ నాయకత్వాన 1928 నుంచి 1930 వరకు భూగోళం చుట్టి వచ్చిన 'డానా' అనే ఓడ మన హిందూ మహాసముద్రంలోనూ వలలు వేసింది. సుమత్రా దీవికి పశ్చిమంగా వున్న లోతు సముద్రంలో మలుగుల ఆకు పిల్లలు దొరికాయి. అందుచేత మన జాతుల పురిటిల్లు ఆ దాపునే వుండాలని పరిశోధకుల ఊహ. మన దేశంలో వి.ఆర్. పంతులు గారు 1956లో బెంగాలెన్సిస్ జీవిత విశేషాల మీద పరిశోధన పత్రం ప్రచురించారు. అయినా మన మలుగు గుడ్డు పెట్టగా చూసిన మనిషి గాని, ఆ గుడ్డును సముద్రంలోంచి తీసిన వల గాని నేటి వరకు లేదు. ఉపగ్రహాలు పంపిన దేశంలో, మన పొలం గట్టు బొరియలో వుండే చేప పుట్టినచోటు ఖాయంగా తెలియదంటే ఆశ్చర్యం కాదా!

ఆకు పిల్ల ప్రవాహాల మీద తేలుతూ, సముద్రంలో పైనుంచి రాలే సేంద్రియపు నలుసులు తింటూ నెలల తరబడి ప్రయాణిస్తుంది. ఉష్ణమండల జాతులకు ఇది అర్ధ సంవత్సరం లోపు వ్యవహారం; యూరపు జాతికి రెండేళ్ళ దాకా కూడా పడుతుంది. తీరం దగ్గరికి వచ్చేసరికి ఆకు ముడుచుకొని అగ్గిపుల్లంత మందాన, రెండంగుళాల పొడుగున గాజుపుల్లలా తయారవుతుంది. ఈ గాజు పిల్లకు ఎదురీదే సత్తా లేదు. తెలివి మాత్రం వుంది. పోటు వచ్చినప్పుడు నీళ్ళతో పాటు పైకి లేచి ఏటిలోకి కొట్టుకొస్తుంది. ఆటు మొదలవగానే అడుగుకు దిగి బురద పట్టుకొని కూర్చుంటుంది. మళ్ళీ పోటుకి మళ్ళీ లేస్తుంది. ఇలా టిక్కెట్టు లేని ప్రయాణం చేస్తూ మంచినీటి వాసన పట్టుకొని లోపలికి చేరుతుంది. అక్కడ రంగు తిరిగి, అసలు సిసలు మలుగవుతుంది. తడి గోడలను పిల్ల మలుగులు పాకి ఎక్కగలవు. పెద్దవి చర్మం ద్వారా కూడా ఊపిరి పీలుస్తాయి కనుక వానరాత్రి తడి గడ్డి మీదుగా ఒక గుంట నుంచి మరో గుంటకు పోగలవు.

ఉప్పునీటి నుంచి మంచినీటికి మారడం తేలికనుకోకండి. మన నూజివీడు మామిడి ముక్కలకు ఉప్పు కలిపి జాడీలో పెడితే తెల్లారేసరికి ముక్క కుంచించుకుపోయి ఊట ఊరుతుంది. సముద్రంలో చేప అచ్చం ఆ మామిడి ముక్కే. దాని ఒంట్లో నీరు బయటికి పోతూ వుంటుంది. మంచినీటిలో సంగతి తిరగబడుతుంది: నానబోసిన సెనగల్లా ఒళ్ళు నీరు పీల్చుకొని ఉబ్బిపోవాలి. మామూలు చేప ఏదో ఒకదానికే తట్టుకొనే ఏర్పాటు చేసుకుంటుంది. మలుగు రెంటికీ చేసుకుంది. సముద్రంలో వున్నప్పుడు ఉప్పునీరే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల్లో వుండే ప్రత్యేక కణాల ద్వారా బయటికి తోస్తుంది. మంచినీటికి వచ్చాక తాగడం దాదాపు మానేసి, పల్చటి మూత్రం ఎక్కువగా పోస్తూ, లవణాలను మొప్పల ద్వారా లోపలికి లాక్కుంటుంది. ఉప్పును తోసే ఆ కణాలను 1932లో కీస్, విల్మర్ అనే ఇద్దరు కనుక్కొన్నది కూడా మలుగు మొప్పల్లోనే. ఇవాళ ఏ జీవశాస్త్ర పుస్తకంలోనైనా వుండే పాఠం అది.

ఇంత తంటా ఎందుకు, సముద్రంలోనే వుండిపోకూడదా అని మా నాన్నగారు ఒక ప్రశ్న వేశారు. మంచి ప్రశ్నే. జన్యు పరీక్షల వల్ల 2010లో తేలిందేమిటంటే, ఆంగ్విల్లాకు దగ్గరి చుట్టాలు మోరే, కాంగర్‌లు కూడా కావు. నడిసముద్రపు చీకటి లోతుల్లో బతికే పెద్దనోటి చేపలు. అంటే దీని తాత ముత్తాతలు లోతు సముద్రపు కాపురస్తులు. ఉష్ణమండలంలో నడిసముద్రం కంటే ఏరులు, చిత్తడి నేలలే తిండికి పుష్టి. మెట్టపొలం ఇంటి పక్కన వున్నా, మాగాణి పంట పండేది పల్లంలో కదా! తిండి కోసం పల్లానికి వచ్చింది, పురుడు మాత్రం పాత ఇంట్లోనే పోసుకుంటోంది.

మన ఊరి మలుగు దారి చూద్దాం. జంక్షను నుంచి బంగాళాఖాతం ఎటు చూసినా యాభై కిలోమీటర్ల పైమాటే. సముద్రం దాటినవాడి పేరు పెట్టుకున్న ఊరికి సముద్రం దాటిన చేప రావడం ఒక విధంగా సబబే! నూజివీడు మెట్ట నుంచి దిగే రామిలేరు, ఇటు బుడమేరు, అటు తమ్మిలేరు అన్నీ పోయి కొల్లేటిలో పడతాయి. కొల్లేటి నీరు సముద్రానికి చేరేది ఉప్పుటేరు గుండా, అరవై కిలోమీటర్లకు పైగా. మలుగు పిల్ల ఆ దారినే ఎదురొచ్చి, ఉప్పుటేరు ఎక్కి, కొల్లేరు దాటి, వాగులు, మురుగుకాలువలు పట్టుకొని మన చెరువుల దాకా వస్తుంది. కృష్ణ మీదుగా వచ్చే రెండో దారికి 1855 నాటికే ఆనకట్ట అడ్డు పడింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ నీళ్ళతోనే మా తాతల నాటి నుంచి అన్నం తింటున్నాం కనుక దాన్ని తప్పు పట్టే ఉద్దేశం నాకు లేదు. చేపలెక్కి రావడానికి ఒక పక్కన సన్నటి దారి ఎలా వుండాలన్న ఆలోచన మాత్రం ఆ రోజుల్లో మన నీటి పనుల్లో ముఖ్యమైన లెక్క కాలేదు.

కొల్లేటి దారి సంగతి అందరికీ తెలిసిందే. చేపల చెరువుల గట్లు సరస్సును గళ్ళు గళ్ళుగా కోసేశాయి. 1999లో అయిదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది, 2006లో ప్రభుత్వం గట్లు కొట్టించింది. ఆ తరువాత కూడా ఆక్రమణల తగాదా తెగలేదు. ఉప్పుటేరు పూడుకుపోయి ఇరుకైంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. ఆ నీళ్ళన్నీ దిగవలసిందీ ఈ కొల్లేటిలోకే, ఈ ఉప్పుటేరు గుండానే. నీరు దిగడం ఆలస్యమైతే వరి చేను ఎన్ని రోజులు మునిగి వుంటుందో లెక్క మాకు తెలుసు. రైతుకు నీరు దిగే దారీ, మలుగుకు వచ్చే దారీ ఒకటే. ఇందులో రైతు పక్షం, చేప పక్షం అని రెండు లేవు.

ఒక్క చోట మాత్రం రెండు పక్షాలున్నాయి. ఎండాకాలం సముద్రపు ఉప్పునీరు పైకి ఎగదన్నకుండా ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన చాలాకాలంగా వుంది. కొల్లేటి లంకల వాళ్ళకీ, దిగువ రైతులకీ అది అవసరమే. కాని పోటుతో పాటు లోపలికి రావలసిన గాజు పిల్లకు తలుపు మూసినట్టే. దీనికి విరుగుడు వుంది. యూరపులో రెగ్యులేటరు పక్కన ఏటవాలుగా ఒక తొట్టె పెట్టి, అందులో బ్రష్షు కుచ్చుల్లాంటివి పరిచి, సన్నటి నీటి ధార వదులుతారు. పిల్ల మలుగులు ఆ కుచ్చుల మధ్య పాక్కుంటూ ఎక్కిపోతాయి. ప్రాజెక్టు ఖర్చులో అదొక లెక్కలోకి వచ్చే ఖర్చు కాదు. అంచనాలు వేసేటప్పుడే చేరిస్తే సరిపోతుంది. కట్టాక చేర్చడం కష్టం.

యూరపు వాళ్ళకు ఈ బుద్ధి ఊరికే రాలేదు. 1980 తరువాత అక్కడి తీరాలకు వచ్చే గాజు పిల్లలు నూటికి తొంభై పాళ్ళకు పైగా పడిపోయాయి. 2007లో అందరూ కలిసి చట్టం చేసుకున్నారు: మనుషుల జోక్యం లేకపోతే ఎన్ని పెద్ద మలుగులు సముద్రానికి చేరేవో అందులో కనీసం నూటికి నలభై చేరాలి అని. మన రెండు జాతులను ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థవారు ముప్పుకు దగ్గరవుతున్న వాటిలో చేర్చారు. ఇంకా మించిపోలేదన్నమాట.

పిల్లలను హేచరీలో పుట్టించుకోవచ్చు కదా అని అడగవచ్చు. కట్ల, రోహు విషయంలో మనం చేస్తున్నదదే. 1957లో హీరాలాల్ చౌధురి గారు ఇంజెక్షనుతో కార్పు జాతులకు గుడ్లు పెట్టించిన దగ్గర నుంచీ కైకలూరు వైపు చెరువులకు సీడుకు లోటు లేదు. మలుగుకు ఆ పప్పులు ఉడకలేదు. జపాను వాళ్ళు ఎన్నో దశాబ్దాలు పాటుపడి 2010లో లేబరేటరీలో రెండో తరం పుట్టించగలిగారు. అయినా ప్రపంచంలో మలుగుల చెరువులు చాలా మటుకు సముద్రం నుంచి పట్టి తెచ్చిన గాజు పిల్లల మీదే నడుస్తున్నాయి. మలుగు పెంపకం అన్న మాట విని సీడు కొనబోయేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

దారి మూస్తే లోపలున్న మలుగు ఏమవుతుంది? చచ్చిపోదు. అదే బాధ. స్వీడన్‌లో బ్రాంటెవిక్ అనే పల్లెలో 1859లో ఒక పిల్లవాడు బావిలో వేసిన మలుగు 2014 దాకా బతికిందని చెబుతారు. సముద్రం అందని మలుగు యుక్తవయస్సుకు రాకుండా, గుడ్లు పెట్టకుండా, అలా ఏళ్ళూ పూళ్ళూ కనిపెట్టుకొని వుంటుంది. కనుక చెరువులో రెండు పెద్ద మలుగులు దొరికాయని, మలుగులకేం కొదవ అనుకోవడానికి లేదు. చూడవలసింది చిన్నవి వస్తున్నాయా అని.

పాఠకుల్లో జంక్షను, నూజివీడు, కైకలూరు వైపు వాళ్ళు చాలామంది వున్నారు. ఈసారి మలుగు కంటపడితే కర్ర పక్కన పెట్టి మూడు సంగతులు చూడండి. పొడుగెంత? జానెడు లోపు పిల్ల అయితే ఆ ఏడు దారి తెరిచి వుందన్నట్టు. వీపు రెక్క ఎక్కడ మొదలైంది? దాన్నిబట్టి జాతి తెలుస్తుంది. మూడోది కళ్ళు. వరదల రోజుల్లో దొరికినదానికి కళ్ళు మామూలు కంటే పెద్దవై, పొట్ట వెండిలా తెల్లగా మెరుస్తూ, కోసి చూస్తే పేగులు ఎండిపోయి ఖాళీగా వుంటే, అది తిండి మానేసి ప్రయాణం కట్టిందన్నమాట. అటువంటిదాన్ని కొయ్యకముందే గుర్తుపడితే తిరిగి పారే నీటిలో వదిలెయ్యండి. దాని పొట్టలో లక్షల గుడ్లకు చోటుంది. తేదీ, ఊరు, పొడుగు ఒక కాగితం మీద రాసి మన జంతుశాస్త్ర శాఖలో ఇవ్వండి. ఫోటో వుంటే ఇంకా మేలు. ప్రస్తుతానికి ఆ పట్టికలో మా ఊరి చెరువుది, ఏలూరు కాలువది కలిపి రెండే పద్దులున్నాయి.